ఏనుగుల పోరు బొమ్మ చూడాలంటే వెనక కాళ్ల దగ్గర మొదలుపెట్టండి

పాత మొగలాయి, రాజస్థానీ బొమ్మల్లో రెండు ఏనుగులు తలలు ఢీకొని నిలబడ్డ బొమ్మ ఒక్కటైనా మీరు చూసే ఉంటారు, మ్యూజియంలో కాకపోతే ఫోన్‌లోనైనా. చూడగానే కళ్లు నేరుగా తలలు తగిలిన చోటికే పోతాయి. దంతాలు, మెలేసుకున్న తొండాలు, పైన ఊగిపోతున్న మావటి, అంతే, రెండు సెకన్లలో "అబ్బ, ఎంత బాగుందో" అనేసి పక్క బొమ్మకి వెళ్లిపోతాం. అలా వెళ్లిపోతే సగం కూడా చూడనట్టే. ఏ ఏనుగు గెలుస్తోంది, ఏది ఇంకాసేపట్లో వెనుదిరగబోతోంది, ఆ గొడవలో ఏ మనిషి ప్రాణం మీదికి వచ్చింది, ఇవన్నీ ఆ గీతల్లోనే ఉంటాయి. వాటిని ఎలా పట్టుకోవాలో రాస్తున్నాను. దీనికి మీకు బొమ్మలు వేయడం రానక్కర్లేదు, చరిత్ర చదివి ఉండక్కర్లేదు, ఒక బొమ్మ ముందు పావుగంట కూర్చునే ఓపిక ఉంటే చాలు.

ముందు బొమ్మ ఎంచుకోవడం. రంగులు నిండుగా దిద్దిన బొమ్మతో మొదలుపెట్టొద్దు. బంగారు పూత, ఎర్ర మఖమల్ గుడ్డలు, వెనక కోట గోడలు, వందమంది జనం ఉంటే కన్ను వాటి మీదే తిరుగుతుంది. బొగ్గుతోనో సిరాతోనో గీసి, అక్కడక్కడ కాస్త రంగు తాకించి వదిలేసిన గీతల బొమ్మ తీసుకోండి. వీటికి పెట్టింది పేరు రాజస్థాన్‌లోని కోటా. చంబల్ నది ఒడ్డున ఉన్న ఈ రాజ్యం 1631లో బూందీ రాజ్యం నుంచి వేరుపడింది, ఆ తర్వాత అక్కడి ఆస్థాన చిత్రకారులు తరాల పాటు ఏనుగుల్ని గీసిన తీరు చూస్తే ఇంకెక్కడా ఏనుగుకి అంత బరువు, అంత ఊపు కనిపించవని నా అభిప్రాయం. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ మ్యూజియంలో కోటా గీతల బొమ్మలు చాలా ఉన్నాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2022లో హోవార్డ్ హాడ్జ్‌కిన్ అనే బ్రిటిష్ చిత్రకారుడు పోగుచేసిన భారతీయ చిత్రాల్లో 84 తీసుకుంది, ఆయనకి ఏనుగు బొమ్మలంటే ప్రాణం కాబట్టి అందులో ఏనుగులకి కొదవ లేదు. ఈ మ్యూజియంల వెబ్‌సైట్లలో బొమ్మని జూమ్ చేసి చూసుకోవచ్చు. ఫోన్ కన్నా ల్యాప్‌టాప్ నయం, ఫోన్ మీద గీత సన్నం, లావు తేడా తెలియదు.

బొమ్మ తెరిచారా? ఇప్పుడు అరచేత్తో రెండు తలల్నీ కప్పేయండి. నిజంగానే, స్క్రీన్ మీద చెయ్యి పెట్టండి. మిగిలినవి రెండు వీపులు, నాలుగు వెనక కాళ్లు, రెండు తోకలు. ఏది గెలుస్తోందో ఇప్పుడు చెప్పండి.

ఏనుగు తలతో నెడుతున్నట్టు కనిపిస్తుంది గానీ ఆ బలం వచ్చేది వెనక కాళ్ల నుంచి. నెట్టే ఏనుగు వెనక కాళ్లు శరీరానికి వెనక్కి చాపి ఉంటాయి, పాదం నేలని తన్నిపట్టి ఉంటుంది, తోక మొదలు నుంచి నుదుటి దాకా వీపు గీత ఒకే ఊపులో ముందుకి ఒరిగి ఉంటుంది. నెట్టించుకుంటున్న ఏనుగుకి ఇదంతా తలకిందులు: వెనక కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని వస్తాయి, పిరుదులు కిందికి దిగి దాదాపు కూర్చోబోతున్నట్టు ఉంటుంది, వీపు గీత మధ్యలో ఎక్కడో విరిగినట్టు అవుతుంది. మంచి చిత్రకారుడు ఈ తేడాని ఎంత సన్నగా చూపిస్తాడంటే మొదటిసారి చూసినప్పుడు రెండు ఏనుగులూ సరిసమానంగా ఉన్నాయనిపిస్తుంది, చెయ్యి అడ్డం పెట్టి చూశాకే ఒకటి ఓడిపోతోందని తెలుస్తుంది. రెండింటి వెనక కాళ్లూ ఒకేలా, అద్దంలో ప్రతిబింబంలా గీసి ఉంటే అది పోరు బొమ్మ కాదు, అలంకారం. దర్వాజాల మీద, గోడల మీద అలాంటివి బోలెడు ఉంటాయి, అవి వేరే లెక్క.

తోక కూడా చూడండి. ఉద్రేకంలోనో భయంలోనో ఉన్న ఏనుగు తోక బిగదీసి బయటికి పెడుతుంది, మామూలుగా ఉన్నప్పుడు ఊరికే వేలాడుతూ ఉంటుంది. చెవులు ముందుకి విప్పి ఉన్నాయా, మెడకి అంటుకుని ఉన్నాయా గమనించండి. ఇంకో సంగతి, పోరు తేలేది ఒక ఏనుగు చచ్చిపోయినప్పుడు కాదు, ఒకటి పక్కకి తిరిగినప్పుడు. తిరిగిందంటే డొక్క దంతానికి దొరికినట్టే, ఇక దానికి పరుగు తప్ప దారి లేదు. అందుకని బొమ్మలో ఒక ఏనుగు మెడ కాస్త పక్కకి మళ్లి ఉంటే చిత్రకారుడు సరిగ్గా ఆ చివరి క్షణాన్ని పట్టుకున్నాడన్నమాట. కొన్ని బొమ్మల్లో అది కూడా దాటిపోయి, ఒకటి పారిపోతుంటే ఇంకొకటి తరుముతూ ఉంటుంది, దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు చెయ్యి తీసేసి తలలు చూడొచ్చు. మన ఏనుగుకి నెత్తి మీద రెండు ఉబ్బులుంటాయి, కుంభస్థలం అని మన కావ్యాల్లో వర్ణించేది అదే, వాటి మధ్య చిన్న లోయ ఉంటుంది. వీపు పైకి ఉబ్బి ఉంటుంది, ఆఫ్రికా ఏనుగుకైతే నడుము దగ్గర గుంట పడుతుంది. ముందు పాదానికి మామూలుగా ఐదు గోళ్లు, వెనక పాదానికి నాలుగు. ఏనుగుల్ని రోజూ చూసినవాడు గీసినదానికి, ఎవరో గీసింది చూసి గీసినదానికి తేడా ఇక్కడే బయటపడుతుంది. మోకాలు మడత, చెవి అంచు చినిగిన తీరు, కంటి చుట్టూ ముడతలు, తొండం మొదట్లో అడ్డగీతలు దగ్గర దగ్గరగా వచ్చి చివరికి పలచబడడం, ఇవన్నీ జూమ్ చేసి చూడండి.

కంటికీ చెవికీ మధ్య నల్లటి చార ఉందా? అది మదజలం. మగ ఏనుగుకి మదం పట్టే రోజుల్లో కణత దగ్గరున్న గ్రంథి నుంచి కారే జిగురు నీరు అది. తెలుగు పద్యాల్లో మదపుటేనుగు వస్తే ఆ వాసనకి తుమ్మెదలు మూగడం కూడా వస్తుంది. మొగలాయి, కోటా చిత్రకారులు తుమ్మెదల జోలికి పోకుండా చెంప మీద ఒక తడి చారతో సరిపెట్టారు, ఆ ఒక్క చారతో ఈ ఏనుగు ఎవరి మాటా వినే స్థితిలో లేదని చెప్పేశారు. పోరుకి దింపే ఏనుగులు చాలావరకు ఆ స్థితిలో ఉన్నవే కాబట్టి ఇది మర్చిపోకుండా వెతకండి.

దంతాలు మొద్దుగా, కొస కోసేసినట్టు ఉన్నాయని గమనించారా? చిత్రకారుడికి రాక కాదు. దంతం కొస కోసి, అది చీలకుండా ఇత్తడివో ఇనపవో పట్టీలు బిగించేవాళ్లు. అక్బర్ ఆస్థానంలో అబుల్ ఫజల్ రాసిన అయీన్-ఇ-అక్బరీలో ఏనుగుల సామాను గురించి ఒక పెద్ద భాగమే ఉంది, ఈ పట్టీలతో సహా ఒక్కో వస్తువు పేరు, అది దేనికి పనికొస్తుంది అన్నీ రాసిపెట్టాడు. పోరు బొమ్మలు చూసేవాళ్లకి అంతకన్నా పనికొచ్చే పుస్తకం నాకు ఇంకొకటి తెలీదు. అందులోంచి మూడు వస్తువులు చెప్తాను, ఇవి పోరు బొమ్మల్లో తరచూ కనిపిస్తాయి.

మొదటిది మెడ చుట్టూ ఉన్న మోకు. ఏనుగు మెడకి పక్కపక్కన వరసలుగా తాళ్లు చుట్టి ఉంటాయి, మావటి పాదాలు రెండూ వాటిలో దూర్చి ఉంటాయి, దాని పేరు కలావా. ఏనుగు తల విదిలించినప్పుడు మావటి పడిపోకుండా పట్టుకునేది అదొక్కటే, అతనికి జీను లేదు, అంబారీ లేదు. అతని పాదాలు ఆ తాళ్లలో ఉన్నాయా, జారిపోయాయా అని చూడండి, అతని పరిస్థితి అర్థమైపోతుంది.

రెండోది గొలుసు. ముందు కుడి కాలికి కట్టిన పొడవాటి గొలుసు, దాని రెండో కొసకి గజం పొడుగు దుంగ. పేరు లోహ్‌లంగర్. మావటి దుంగని తన దగ్గర పెట్టుకుని, ఏనుగు అదుపు తప్పి పరుగెత్తితే కిందికి వదిలేస్తాడు, గొలుసు కాళ్లకి చుట్టుకుని, దుంగ తగులుతూ ఏనుగుని ఆపేస్తుంది. ఇది అక్బర్ ఆలోచన అని, దీనివల్ల చాలా ప్రాణాలు దక్కాయని అబుల్ ఫజల్ రాశాడు. బొమ్మలో కాలి నుంచి గొలుసు నేల మీద పాములా సాగుతూ కనిపిస్తే అందం కోసం వేసిందనుకోకండి, అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో గీత వెంట పోయి చూడండి. అది వదిలేసి ఉంటే పరిస్థితి మావటి చెయ్యి దాటిపోయిందన్నమాట.

మూడోది చర్ఖీ. బోలు వెదురు ముక్కకి పచ్చి నరాలు చుట్టి, మందుగుండు కూరి, రెండు కొసలా వత్తి పెట్టి, మధ్యలో అడ్డంగా ఒక కర్ర పిడిలా గుచ్చుతారు. అంటిస్తే గిర్రున తిరుగుతూ భయంకరమైన చప్పుడు చేస్తుంది. దీపావళికి కర్రకి కట్టి తిప్పే విష్ణుచక్రం తెలుసుగా, దాన్ని పదింతలు చేసి ఊహించుకోండి. పోట్లాడుతున్న ఏనుగుల్ని విడదీయడానికి ఒక మనిషి దాన్ని చేత్తో పట్టుకుని, నేల మీద నడుచుకుంటూ, వాటి ముఖం ముందుకి వెళ్లాలి. ఈ వాక్యం ఇంకోసారి చదవండి. మదం పట్టిన రెండు ఏనుగుల మధ్యకి, కాలినడకన.

అందుకే నేను బొమ్మలో మనుషుల కోసం ఎక్కువసేపు వెచ్చించమంటాను. ఏనుగుల చుట్టూ చిన్నచిన్నగా గీసిన మనుషులు ఊరికే ఖాళీ నింపడానికి లేరు. మెడ మీద మావటి ఉంటాడు, చేతిలో అంకుశం. చాలా బొమ్మల్లో వీపు వెనక భాగంలో ఇంకొకడు ఉంటాడు, అతన్ని భోయీ అనేవాళ్లు, పోరులో మావటికి సాయం చేయడం, ఏనుగుని ఉసిగొల్పడం అతని పని. కింద చర్ఖీ పట్టుకున్నవాళ్లు, బల్లేలు పట్టుకున్నవాళ్లు, పరుగెత్తేవాళ్లు, పడిపోయినవాళ్లు. ఒక్కొక్కరి ముఖం జూమ్ చేయండి. మొగలాయి చిత్రకారులు గోరంత ముఖంలో కూడా నోరు తెరిచి అరుస్తున్నాడా, పళ్లు బిగించాడా చూపించగలరు.

ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఈ పోరుల గురించి రాసినది చదివితే ఆ ముఖాలు ఇంకోలా కనిపిస్తాయి. మూడు నాలుగు అడుగుల వెడల్పు, ఐదారు అడుగుల ఎత్తు మట్టి గోడ కడతారని, దానికి అటొకటి ఇటొకటి ఏనుగులు నిలబడి గోడ మీదుగా ఢీకొంటాయని, గోడ కూలిపోయాక బలమైనది రెండోదాన్ని తరిమి పడేస్తుందని, అప్పుడు చర్ఖీలతో తప్ప వాటిని విడదీయలేరని రాశాడు. ఒక్కో ఏనుగు మీద ఇద్దరు ఎందుకంటే, మెడ మీదివాడు పడిపోతే వెంటనే రెండోవాడు ఆ చోటికి జరగడానికి. పోరు రోజున ఆ మావటీలు మరణశిక్ష పడ్డవాళ్లలాగా పెళ్లాం పిల్లల దగ్గర సెలవు తీసుకుని వచ్చేవాళ్లట. బతికి బయటపడి, రాజుకి నచ్చితే జీతం పెంచి ఒక సంచి నిండా పైసలు ఇచ్చేవాళ్లట, చచ్చిపోతే జీతం భార్యకి, ఉద్యోగం కొడుక్కి. కాబట్టి బొమ్మలో గోడ కనిపిస్తే అది ఏర్పాటు చేసిన పోరు అని గుర్తుపట్టండి, గోడ లేకపోతే గోడ కూలిన తర్వాతి ఘట్టం కావచ్చు, లేదా చిత్రకారుడికి గోడ మీద ఆసక్తి లేకపోవచ్చు. కోటా బొమ్మల్లో చాలాచోట్ల నేల గీత కూడా ఉండదు, వట్టి కాగితం మీద రెండు కొండలు గుద్దుకున్నట్టే ఉంటుంది. ఉదయపూర్ సిటీ ప్యాలెస్ చూడ్డానికి వెళ్తే మాణెక్ చౌక్‌లో ఏనుగుల్ని ఆడించిన చోటు చూపిస్తారు, అడ్డగోడతో సహా. బరోడాలో అక్కడి రాజులైన గాయక్వాడ్‌ల ఆటస్థలంలో ఇంకో రకం ఉండేది, కాలినడక మనుషులు మదపుటేనుగుని రెచ్చగొట్టి సన్నటి గుమ్మాల్లోంచి తప్పించుకునేది, దాన్ని సాత్‌మారీ అంటారు. అలాంటి బొమ్మలో ఏనుగు ఒక్కటే ఉంటుంది, చుట్టూ మనుషులు.

ఇప్పుడు రంగుల బొమ్మకి రండి, కన్ను కాస్త తయారైంది కాబట్టి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అక్బర్‌నామా, అంటే అబుల్ ఫజల్ రాసిన అక్బర్ చరిత్ర, దాని చిత్రాలున్నాయి, వాటిలో రెండు పేజీలు కలిపి వేసిన హవాయీ ఏనుగు చిత్రం వెతకండి. 1561లో ఆగ్రాలో, ఇరవై కూడా నిండని అక్బర్ మహా మొండిదైన హవాయీ మీద తనే మావటిలా ఎక్కి, రణ్‌బాఘ్ అనే ఏనుగుతో పోరుకి దిగాడు. రణ్‌బాఘ్ ఓడి పరుగెత్తింది, హవాయీ వదల్లేదు, రెండూ యమున మీద పడవలు కట్టి వేసిన వంతెన మీదికి ఎక్కేశాయి. చిత్రం కూర్పు అక్బర్ ఆస్థాన చిత్రకారుడు బసావన్‌ది. మనం ఇందాక నేర్చుకున్నవన్నీ వరసగా పెట్టి చూడండి. పారిపోయే ఏనుగు వెనక కాళ్లు, తరిమే ఏనుగు వెనక కాళ్లు పోల్చండి. చక్రవర్తి పాదం చూడండి, చెప్పుల్లేకుండా, మెడ మోకులో దూర్చి ఉంది, ఏ మావటి పాదమైనా అలాగే ఉంటుంది. వంతెన పడవలు బరువుకి ఎలా ఒరిగాయో, ఏ పడవ ఎంత మునిగిందో చూడండి, ఏనుగుల బరువు ఆ పడవల మీదే తెలుస్తుంది. నీళ్లలో పడినవాళ్లని, చేతులు పైకెత్తి వేడుకుంటున్న పెద్దమనుషుల్ని చూడండి. ఎందుకలా చేశావంటే అక్బర్ తర్వాతెప్పుడో అబుల్ ఫజల్‌తో చెప్పిన జవాబు కూడా అక్బర్‌నామాలో ఉంది: తను తెలిసి దేవుడికి నచ్చని పని చేసి ఉంటే ఆ ఏనుగే తనని ముగించేయాలని, దేవుడి కోపం మోస్తూ బతకలేనని. ఈ ఒక్క చిత్రం మీద గంట కూర్చున్నా తనివి తీరదు నాకు.

ఏనుగుల పోరు వట్టి వినోదం కాదని కూడా మనసులో పెట్టుకోవాలి, లేకపోతే బొమ్మలో రాజు ఎక్కడ కూర్చున్నాడో, ఎందుకంత పెద్దగా గీశారో అర్థం కాదు. అది చక్రవర్తి హక్కు. అక్బర్ కొడుకు జహంగీర్ తన సరిహద్దు అమీర్లకి, అంటే పెద్ద అధికారులకి, ఇచ్చిన ఆజ్ఞల్లో ఏనుగుల పోరు పెట్టించకూడదని కూడా ఉంది, ఝరోకాలో, అంటే మేడ కిటికీలో, కూర్చుని జనానికి దర్శనం ఇవ్వకూడదనే ఆజ్ఞ పక్కనే. అదే జహంగీర్, ఇంకా సలీంగా ఉన్నప్పుడు, 1605లో అక్బర్ చివరి రోజుల్లో, తన గిరాన్‌బార్ ఏనుగుకీ సొంత కొడుకు ఖుస్రో ఏనుగు ఆబ్‌రూప్‌కీ పోరు జరిగింది. గద్దె ఎవరిదన్న టెన్షన్ నడుస్తున్న రోజులవి, అందరూ అది చూస్తున్నది ఏనుగుల కోసం కాదు. ఓడేదానికి సాయంగా వదలడానికి అక్బర్ శాల నుంచి ఇంకో ఏనుగుని సిద్ధంగా పెట్టారు, దాన్ని వదిలినప్పుడు సలీం మనుషులు దాని మావటి మీద రాళ్లు రువ్వారు. ఆ గొడవ ఆపమని అక్బర్ సలీం దగ్గరికి పంపింది మనవడు ఖుర్రంని, తర్వాత షాజహాన్ అయింది అతనే. కాబట్టి బొమ్మలో మూడో ఏనుగు ఒక పక్క నిలబడి ఉంటే అది ప్రేక్షకుల ఏనుగు కాకపోవచ్చు, పోరులోకి దిగడానికి ఉంచిన ఏనుగు కావచ్చు.

ఆ ఖుర్రం చక్రవర్తి అయ్యాక 1633లో ఆగ్రాలో పెట్టించిన పోరు కూడా బొమ్మగా మిగిలింది. సుధాకర్, సూరత్ సుందర్ అని రెండు ఏనుగులు. పద్నాలుగేళ్ల ఔరంగజేబు గుర్రం మీద మరీ దగ్గరికి పోయాడు, సుధాకర్ అతని మీదికి తిరిగింది, అతను కదలకుండా నిలబడి బల్లెంతో నుదుటి మీద పొడిచాడు. ఆ చిత్రం ఉన్న పాద్‌షానామా, అంటే షాజహాన్ చరిత్ర, ఆ ప్రతి ఇప్పుడు ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో, రాజకుటుంబ సేకరణలో ఉంది, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. దీన్ని హవాయీ చిత్రం పక్కన పెట్టి చూడండి. అందులో అంతా ఒరిగిపోయి, కూలిపోయి, నీళ్లు చిమ్ముతూ ఉంటుంది. ఇందులో ప్రమాదం అంతే పెద్దదైనా, ప్రతి మనిషీ తన చోట తను కుదురుగా ఉంటాడు, షాజహాన్ దర్బారు పద్ధతి అది. నాకు మొదటిదే ఇష్టం, రెండోదాంట్లో ఏనుగు బరువు కన్నా రాకుమారుడి గొప్ప ఎక్కువ కనిపిస్తుంది.

మళ్లీ గీతల బొమ్మకే వెళ్దాం, ఎందుకంటే అసలు ఆనందం అక్కడే ఉంది. పాత చిత్రకారులు ముందు చింతపుల్లల బొగ్గుతో పలచగా గీసుకునేవాళ్లు, తర్వాత సన్నటి కుంచెతో, ఉడత తోక వెంట్రుకల కుంచెతో, ఎరుపు మట్టి రంగులోనో దీపపు మసి సిరాతోనో ఆ గీతని ఖాయం చేసేవాళ్లు, నచ్చనిదాని మీద తెల్ల రంగు పూసి మళ్లీ గీసేవాళ్లు. ఆ తెల్ల పూత కాలంతో పలచబడితే కింద దాచిన గీత మళ్లీ తేలుతుంది. జూమ్ చేసి వెనక కాలి దగ్గరో తొండం దగ్గరో చూడండి, ఒక్కోచోట కాలికి రెండు మూడు అంచులుంటాయి. మొదట కాలు నిటారుగా గీసి, చాలలేదని ఇంకాస్త వెనక్కి జరిపాడన్నమాట, నెట్టే బలం ఎక్కువ కనిపించాలని. మూడు వందల ఏళ్ల కిందటి మనిషి మనసు మార్చుకున్న క్షణం మీ కళ్ల ముందే ఉంటుంది, పూర్తి రంగుల బొమ్మలో ఇది ఎప్పటికీ దొరకదు. గీతల వెంట సూదితో పొడిచిన సన్నటి చిల్లులు కనిపిస్తే అది ఖాకా, అంటే అచ్చు తీయడానికి వాడిన కాగితం. ఆ చిల్లుల మీద బొగ్గుపొడి మూట అద్దితే కింద కాగితం మీద చుక్కలు పడతాయి, వాటిని కలుపుకుంటూ పోతే అదే పోరు ఇంకో తరం బొమ్మలోకి వెళ్తుంది. ఒకే జత ఏనుగులు వేర్వేరు బొమ్మల్లో కనిపించడానికి ఇదొక కారణం.

చూసింది బుర్రలో నిలవాలంటే చేత్తో ఒకసారి గీయాలి. బొమ్మని ఏ4 సైజులో ప్రింట్ తీసుకుని పైన ట్రేసింగ్ పేపర్ పెట్టండి. తల, తొండం, దంతాలు అసలు ముట్టుకోకండి. ఒక ఏనుగు తోక మొదట్లో పెన్సిల్ పెట్టి, వీపు మీదుగా నుదుటి దాకా, చెయ్యి ఎత్తకుండా ఒకే గీత. రెండో ఏనుగుకీ అంతే. ఆ రెండు గీతలు ఎక్కడ కలిశాయో, ఏది ఏటవాలుగా ఉందో, ఏది నిటారుగా ఉందో చూడండి. తర్వాత ఎనిమిది పాదాలకి ఎనిమిది చుక్కలు, ప్రతి ఏనుగుకీ వెనక పాదం నుంచి నుదుటికి ఒక సూటి గీత. ఇప్పుడు ప్రింట్ తీసేసి ట్రేసింగ్ పేపర్ ఒక్కటే చూస్తే ఆ నాలుగు గీతల్లో, ఎనిమిది చుక్కల్లో పోరు మొత్తం ఉంటుంది. దాని మీద మావటీలకి రెండు చిన్న గీతలు పెట్టండి, వాళ్ల నడుము ఎటు ఒరిగిందో అటు. పిల్లలతో కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది, వాళ్లు తలల మీద మోజు వదిలి కాళ్లు చూడడం మనకన్నా తొందరగా నేర్చుకుంటారు.

బయట తిరిగే బొమ్మల గురించి ఒక జాగ్రత్త. జైపూర్, ఉదయపూర్ బజార్లలో పాత స్టాంపు కాగితాల మీద కొత్తగా వేసి అమ్మే ఏనుగు పోరు బొమ్మలు చాలా ఉన్నాయి. కాగితం నిజంగానే పాతది, మీద ఉర్దూ రాత కూడా నిజమే, బొమ్మ మాత్రం నిన్న మొన్నటిది. కొనుక్కుంటే తప్పేం లేదు, పని తెలిసిన చేతులే అవి, పాతదని చెప్పి పాత ధర అడిగితేనే చిక్కు. నేనైతే మళ్లీ వెనక కాళ్లే చూస్తాను: రెండూ ఒకే అచ్చు, ఎక్కడా దిద్దిన గుర్తు లేదు, గోళ్లు లెక్క లేకుండా ఉన్నాయి, మావటి పాదం మోకులో లేదు అంటే అనుమానించాల్సిందే. ఇంటర్నెట్‌లో దొరికేవాటిలో అటూ ఇటూ తిప్పేసినవి, అంచులు కత్తిరించినవి, రంగులు పెంచినవి ఉంటాయి, అక్షరాలు తిరగబడి ఉంటే బొమ్మ తిరగేశారని ఇట్టే తెలిసిపోతుంది. పై అంచులోనో వెనకవైపో రాసిన ఆ అక్షరాలు అసలు వదిలిపెట్టకండి, మొగలాయి బొమ్మలైతే పారసీ లిపి, రాజస్థాన్‌వైతే నాగరి. కొన్నిటి మీద ఏనుగు పేరు ఉంటుంది. హిందీ చదవడం వస్తే నాగరిలోవి కొంచెం ఓపికతో కూడబలుక్కోవచ్చు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కంప్యూటర్ దగ్గరే ఆగిపోవక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మొగలాయి, దక్కనీ, రాజస్థానీ సూక్ష్మచిత్రాల గది ఉంది. జగదీశ్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియంలో కూడా మంచి సూక్ష్మచిత్రాలు, గీతల బొమ్మలు ఉన్నాయి, వెళ్లే ముందు ఫోన్ చేసి ఎప్పుడు చూడనిస్తారో కనుక్కోండి. పాత కాగితం వెలుతురుకి పాడవుతుంది కాబట్టి ఇలాంటివి ఎప్పుడూ బయట పెట్టి ఉంచరు, ఆ రోజు ఏముంటే అది చూడాలి. ఒక చిన్న భూతద్దం జేబులో వేసుకెళ్లండి. ములుగు వైపు వెళ్తే రామప్ప గుడి పీఠం చుట్టూ వరసగా చెక్కిన ఏనుగులున్నాయి, 1213 నాటివి. అవి పోరాడడం లేదు, నడుస్తున్నాయి, అయినా ఒక్కొక్కదాని వెనక కాళ్లు వంగి చూసుకుంటూ గుడి చుట్టూ ఒక రౌండ్ వేయండి, నడిచే ఏనుగు బరువు ఎక్కడ మోపుతుందో పట్టుబడితే పోరాడే ఏనుగు బొమ్మ చూడడం చాలా తేలికవుతుంది.